మూడు సూతుల బోల్టు

ఎర్రగుంట్లలో అలమరకు చెక్క ఎవరు కొంటారు?
క్వారీలో పక్కన పారేసిన బండలు,
అంచు విరిగినవి, నెర్రె పారినవి,
మూడు వరసలు గోడలోకి దిగ్గొట్టి
వసారా మూలను వర్కుషాపు చేసినా.

బండల మీద డబ్బాలు.
మూతి కోసిన పామాయిలు క్యాన్లు,
హార్లిక్సు సీసాలు, మిఠాయి డబ్బా ఒకటి.
దాంట్లో స్ప్రింగులు. ఇప్పటికీ నెయ్యి వాసన.

కాలేజీ ల్యాబులో ఇరవై రెండేండ్లు
సీసాలకు చీటీలంటించిన చెయ్యి నాది.
పేరు చెరిగిన సీసాను పారబోయాల,
అది అక్కడి రూలు.
ఇంట్లో మాత్రం
పేరు తెలీనివాటినే ఎక్కువ దాచుకున్నా.

ఒక ఆదివారం పొద్దున
పక్కింటి జిలాని కూతురు మాబున్నిని పిలిచినా.
పదో తరగతి. జొన్నగింజలు పేర్చినట్టు రాత.
ఆస్పత్రి ప్లాస్టరు చుట్ట, నల్ల స్కెచ్చి పెన్ను.

"రాయి మ్మా, వాచర్లు."
"వాషర్లు కదా మామా?"
"అంగట్లో వాషరు అంటే వానికి అర్థం కాదు."
రాసింది, కొట్టేసింది,
మళ్ళా నా మాటే రాసింది, మూతి ముడుచుకొని.

మరమేకులు.
అంగుళం మేకులు.
వంగిన మేకులు (మళ్ళా సాపు చేయాల).
మూడు సూతుల బోల్టులు.

సూతు అంటే ఎంత మామా?
అంగుళంలో ఎనిమిదో పాలు.
మూడు సూతులంటే నా చిటికెనవేలి గోరంత.
ఆ పిల్ల తన గోరు పక్కన పెట్టి చూసుకొని
"నాది రెండే" అనింది
ఏదో బాకీ పడినట్టు.

చివరి డబ్బాలో
సగం బందు, సైకిలు గంట లోపలి పళ్ళచక్రం,
ఏ తాళానిదో తెలీని చెవి,
ఇత్తడిది ఒకటి, అది ఏందో నాకూ తెలీదు.
"దీనికేం రాయాల?"
నేను తల గీరుకుంటా ఉంటే
తనే రాసి అంటించింది:
అడగండి.

ఏప్రిల్ వచ్చింది. బండలు కాగినాయి.
జిగురు కరిగి చీటీలన్నీ
మేక చెవుల్లాగ వాలినాయి.
వాలకున్నా చదివేదెవరు?
జిలాని వస్తే డబ్బా ఊపి చప్పుడు వింటాడు.
చీనీ తోట ఓబుళమ్మ వస్తే
గాల్లో రెండు వేళ్ళు తిప్పుతాది,
ఇట్లాంటిది, ఇంత పొడుగు, అని.

అందుకని ప్రతి డబ్బాకూ తూటు పొడిచి
లోపలిదాన్నే ఒకదాన్ని బైండింగు తీగతో
బయట కట్టినా.
మేకుకు మేకే పేరు. బోల్టుకు బోల్టే.
తప్పు రాసేదానికి ఇంగ చోటు లేదనుకున్నా.

రాత్రి ఒంటిగంటకు త్రీఫేజు కరెంటు.
ఒంటిగంటన్నరకు తలుపు కాడ ఓబుళమ్మ,
కొంగు నుంచి నీళ్ళు కారుతా.
గేటువాలు కాడ బోల్టు తెగిందంట,
నీళ్ళు చెట్టంత ఎత్తు లేస్తాండాయంట.
ఈసారి వేళ్ళు తిప్పలేదు.
తెగిన ముక్కను నా అరచేతిలో పెట్టింది.

మూడు సూతులు.
డబ్బాలో చెయ్యి పెట్టినా.
అడుగున తుప్పు పొడి, ఒక చచ్చిన పురుగు.
ఉండేది ఒక్కటే,
బయట పేరై వేలాడేది.

కటింగు ప్లేయరు ఎంతసేపు వెతికినా దొరకలేదు.
దానికి చీటీ లేదు మరి.
తీగను చేత్తోనే మెలిపెట్టి మెలిపెట్టి తెంపినా.
వేలు గీసుకున్యాది.
ఓబుళమ్మ బోల్టును కొంగున ముడేసుకొని
చీకట్లో పడి పోయింది.
కరెంటు నాలుగింటి దాకానే.

పొద్దున మాబున్ని వచ్చి
ఉత్త తీగను, ఉత్త డబ్బాను చూసింది.
ఏమీ అడగలేదు.
ప్లాస్టరు ముక్క ఒకటి పంటితో తెంపి
నా కండ్లజోడు వెతికి ఇచ్చి చదవమనింది:

"ఓబుళమ్మవ్వ తోటలో ఉంది."

బండ అప్పటికే వెచ్చబడతా ఉంది.
చీటీ ఒక మూల, నేను చూస్తాండంగనే,
మెల్లగా లేస్తా ఉంది.