పద్దు

కోణనకుంటె వార్డు పార్కుకు
ప్రభుత్వం ఇచ్చిన గ్రాంటులో
బెంచీలు ఎనిమిది, ఉయ్యాలలు రెండు,
మొక్కలు నూటనలభై.
నీళ్ళు పోసే మనిషికి పద్దు లేదు.

టైల్స్ పని అయిపోయాక కూడా
కదిరి ఓబుళమ్మ వస్తూనే ఉంది
సిమెంటు మరకల బిందెతో.
"దప్పికైన మొక్క కాయితం అడుగుతాదా సారూ?"

మార్చిలో తనిఖీ.
అప్పటికే ఒక పొగడ ఎండిపోయింది.
ఆ గుంటలో ఎవరో
కరివేపాకు నాటారు.

ఆఫీసరు వేలితో పొడుస్తూ లెక్కపెట్టాడు
నూటముప్పై తొమ్మిది...
నూటనలభై.
సంతకం పెడుతూ ఆగి,
"ఏదో పోపు వాసన?" అన్నాడు.

కొలతల పుస్తకం మూసేశాను నేను.
ఓబుళమ్మ చెయ్యి
మెల్లగా కొంగులోకి పోయింది.

ఆ రాత్రి ఆమె చారులో
ప్రభుత్వ ఆస్తి,
నాలుగు రెబ్బలు.