పర్మిషన్

సాలిగ్రామంలో రాత్రి పదకొండు.
రాయపురం నించి ఎళిల్ బండి మీద తెచ్చిచ్చిన డిస్కుని
చొక్కాతో తుడిచి తగిలిస్తే
ప్రాజెక్టు తెరుచుకుంది గానీ
చెయ్యి పెట్టనివ్వదు.
చూసుకో, ముట్టుకోకు, అంటుంది.

వాడి కంప్యూటర్లో వాడు ఐదొందల ఒకటి.
నా దాంట్లో నేను ఐదొందల రెండు.
ఒకే సినిమా, ఇద్దరికీ అవే మూణ్ణెల్ల బకాయిలు,
ఒక్క అంకె తేడాకి నేను పరాయివాణ్ణి.
ఫోన్ చేస్తే
తాళం ఏమీ వెయ్యలేదు సార్ అని వాడి ఒట్లు.

నల్ల కిటికీ తెరిచి
అక్షరం అక్షరం సరిచూసుకుంటూ కొట్టాను.
తప్పు ఫోల్డరు మీద పడిందా, కొంప కొల్లేరే.
లోపలున్న అన్నిటికీ, అందరికీ, అన్ని హక్కులూ.
నాలుగువేల చిల్లర ఫైళ్ళు
రేషన్ క్యూలా కదిలాయి.
కింద కొట్లో బన్ బటర్ జామ్ తినొచ్చేసరికి
అన్నీ నావే.

నూట పద్దెనిమిదో క్లిప్పు.
కాశిమేడు, తెల్లారుజాము వేలంపాట.
చుట్టూ తమిళంలో కేకలు,
రొయ్యల బుట్ట ముందు ఒకామె
లెన్సుకి అరచెయ్యి అడ్డం పెట్టి
తెలుగులో అంది:
"వొద్దు నాయనా, తియ్యమాక."

ఎళిల్‌కి తెలుగు రాదు.
చీటీలో, 'నమస్కారం పెడుతోంది' అని రాసుకున్నాడు.

అరచేతికి అంటుకుని ఒక పొలుసు మెరుస్తోంది.
టైటిల్ దానిమీదే పడాలట.

మళ్ళీ నల్ల కిటికీ.
ఆ ఒక్కదానికి
చూడ్డం, ముట్టుకోవడం, రెండూ తీసేశాను,
నాక్కూడా.

పొద్దున డైరెక్టరు అడుగుతాడు.
పర్మిషన్ ప్రాబ్లం సార్, అంటాను.