పలకల కొండ

నవల మొదటి వాక్యంలోనే పిల్ల వయసుంది: పదకొండు.
మేం పంతొమ్మిది చేశాం.
రాత్రి షూటింగులకు చిన్నపిల్లలంటే చట్టం ఒప్పుకోదు,
ఆపైన గుర్రం, ఆపైన కత్తి.
ఎనిమిదేళ్ల బాల్యం
ఒక మంగళవారం మధ్యాహ్నం, చల్లారిన టీ పక్కన
నా చేతి మీదుగానే పోయింది.

నెరిస్ ఏమీ అనలేదు.
బస్సు డిపోలో రాత్రి డ్యూటీలు చేస్తూ
ఇరవై రెండేళ్లు రాసిందావిడ ఆ పుస్తకం.
"చెప్పులు మాత్రం పెద్దవి వేయండి," అంది,
"నడుస్తుంటే టపటపలాడాలి. అవి వాళ్లమ్మవి."
రాసుకున్నాను.
దుస్తుల వాళ్లు కొలత తీసి
పాదానికి అతికినట్టు బూట్లు కుట్టారు.

ఆ రాజ్యంలో అబద్ధమాడినవాడి నీడ రాలిపోతుంది.
కథకు ఆయువుపట్టు అదే.
పుస్తకంలో రెండో అధ్యాయానికల్లా
సగం సభకు నీడల్లేవు,
పెద్దమనుషులంతా దీపాలకు ఎడంగా నిలబడి మాట్లాడతారు.
మా లెక్కల మనిషి గెథిన్
ఒక్కో నీడ చెరపడానికి ఎంతవుతుందో చెప్పాడు.
గదిలో కాసేపు ఎవరూ పలకలేదు.
చివరికి ఒక్క మంత్రికే ఆ శిక్ష వేశాం,
అదీ ఎపిసోడ్ ఆఖరి నిమిషంలో.
మిగతా అబద్ధాలకోరులందరినీ
మబ్బు పట్టిన రోజున చిత్రించాం.
ఉత్తర వేల్స్‌లో మబ్బు ఉచితం.

ఇక పడవవాడి భార్య.
ఏరు దాటేవాళ్ల పేర్లడిగి
దారానికి ముడులు వేస్తుంటుంది, నలభై పేజీలు.
కథలో ఏ మలుపుకూ ఆమె అక్కర్లేదు.
తీసేశాక మొదటి ఎపిసోడ్ ఉరికింది చూడండి,
ఏరు లేదు, పడవ లేదు, తెర లేవగానే మంట.
మూడోది ఎడిట్ చేస్తున్నప్పుడు గానీ తెలియలేదు:
శవాలు బోలెడు,
ఒక్కదానికీ పేరు లేదు.

ఆ శవాలు క్వారీ ఊరివాళ్లు.
పలకరాయి కొండ అది.
ఎక్కడెక్కడి పిల్లలో దాని ముక్కల మీద
అక్షరాలు దిద్దుకున్నారు, అదిమాత్రం పలకదు.
రోజుకూలీ, వేడి సూపు, మొహానికి బూడిద రంగు.
డెబ్బై నాలుగేళ్ల ఇద్వల్ ముందు వరసలో పడుకున్నాడు,
గుండెలో బాణం,
ఊపిరితిత్తుల్లో నలభై ఏళ్ల రాతిపొడి.
ఐదో టేకులోనూ దగ్గాడు.
"చచ్చినవాళ్లు దగ్గకూడదు!" మైకులో దర్శకుడు.
ఇద్వల్ బాణంతో సహా లేచి కూర్చున్నాడు.
"మా ఊళ్లో చచ్చినవాళ్లంతా, బాబూ,
దగ్గీ దగ్గీ పోయినవాళ్లే."

నవ్వారు. నేనూ నవ్వాను.
అతన్ని వెనక వరసకు మార్చారు.

పుస్తకంలో ఒకచోట ఉంటుంది: కొండ ఊపిరి తీసింది.
అంతే, మూడు మాటలు.
దానికోసం ఎమ్రిస్ ఎన్ని శబ్దాలు పట్టాడో.
తిమింగలం, కొలిమి తిత్తి, గుహలోకి దొర్లించిన ఖాళీ పీపా.
ఏదీ కొండ కాలేదు.
ఆ తర్వాత అతను ఏం చేశాడో ఎవరికీ చెప్పలేదు,
మేమూ అడగలేదు. గడువు మించిపోతోంది.

ప్రసారమైన రాత్రి ఇద్వల్ ముందుగదిలో ఉన్నాను.
అతని భార్య మైర్వెన్ స్వెటరల్లుతోంది.
మంట, కోట, సరిపోయిన బూట్లలో పరుగెత్తే పిల్ల.
తెర చీకటైంది,
చీకట్లో కొండ ఒక్కసారి ఊపిరి తీసింది.
ఆమె సూదులు ఆగిపోయాయి.
"అది నువ్వు."
"నేనెందుకవుతాను? అది కొండ."
"యాభై ఏళ్లుగా పక్కన పడుకున్నదాన్ని. అది నువ్వు."
"కొండేనే, మైర్."

టీవీ వెలుగులో అతని వెనక గోడకేసి చూశాను.
నీడ ఉంది.
ఉండాల్సిన చోటే, భుజాలు కాస్త వంగి.

నాది చూసుకోలేదు.