ముప్పై ఎనిమిది

నర్సంపేట బస్సుల టికెట్లు కొడుతున్న.
ధర్మారం దాటినంక తలలు లెక్కవెట్టుడు నా అలవాటు.
సున్న టికెట్లు ఇరవై మూడు,
పైసల టికెట్లు పదిహేను.
ముప్పై ఎనిమిది.
నోరు తడారింది.

మొన్న ఎంజీఎంల డాక్టరమ్మ
కాయితం బోర్లేసి పెట్టి చెప్పింది:
నాలుగో క్రోమోజోమ్ కొసన ఒక జీన్ ఉంటదట.
మెదడు నరాలకు కావాల్సిన ప్రోటీన్
ఎట్ల చెయ్యాల్నో అండ్ల రాసుంటదట.
హంటింగ్టిన్ దాని పేరు.
"అందరికి ఉంటదమ్మా, నాకు గూడ ఉన్నది.
అది లేకుంటే కడుపులనే నిలువం."
సి ఏ జి, సి ఏ జి అని
మూడక్షరాలు మళ్ల మళ్ల వస్తయట,
మామూలోళ్లకు పదిహేడు, ఇరవై సార్లు.
నలభై అయితే రోగం ఖాయం.
ముప్పై ఆరు నుంచి ముప్పై తొమ్మిది దాక
రావచ్చు, రాకపోవచ్చు.

రావచ్చు, రాకపోవచ్చు.
మా డిపోల ఆఖరు బస్సు గురించి గూడ
గిట్లనే చెప్తరు.

మా నాయిన ఎలిగేటి సాంబయ్య
కొత్తవాడల జంపఖానాలు నేసెటోడు.
ఎర్ర చారకు ఎన్ని పోగులో, నీలం చారకు ఎన్నో
నోట్లెనే లెక్క.
నలభై ఏడో ఏట చెయ్యి దానంతటదే లేశింది,
ఎవల్నో పిలిచినట్టు.
తర్వాత భుజం. ఆ తర్వాత నాలుక.
చార పక్కకు జరిగింది,
సేటు సరుకు వాపసు కొట్టిండు.
"పొద్దుగాల్నే ఏసిండు" అన్నరు వాడకట్టోళ్లు.
జన్మల కల్లు ముట్టనోనికి
కల్లు మాన్పే పసరు తాపింది మా అమ్మ.
ఆ చేదుకు ఆయన నవ్విండో,
మొఖమే అట్ల తిరిగిందో
ఇప్పటికి తెలువదు.
నాయిన లెక్క ఎంతో ఎవ్వరు చూడలే.

తమ్ముడు సదయ్య రక్తం ఇయ్యనన్నడు.
"తెలిసి ఏం చేద్దమక్కా?" అని ఆటో స్టార్ట్ చేసిండు.
హ్యాండిల్ మీద వాని ఎడమ బొటనేలు
తాళమేస్తున్నది. పాట పెట్టుకున్నడు లే.
పాట బందయినంక గూడ చూసిన.
చూసిన్నని వానికి చెప్పలే.

గిర్నిబావి కాడ కోడిపిల్లల గంపతోని
ఒక ముసలామె ఎక్కింది. ముప్పై తొమ్మిది.
ఇద్దరు దిగిన్రు. ముప్పై ఏడు.
నాది మాత్రం ఎక్కదు, దిగదు.

మిషిన్ల నుంచి టికెట్ చింపుతుంటే
చెయ్యి అదిరింది.
చెయ్యా? రోడ్డా?
"అన్నా, ఇప్పుడు గుంత వచ్చిందా?"
డ్రైవర్‌కు ఇనవడలే.
ముంగట బర్లున్నయి,
హారన్ కొడుతున్నడు.