గుండు

మా ఇంట్లో ఒక గుండు ఉంది, చంద్రగిరిలో.
తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టే ఇనప గుండు.
కోట కింద మడి దున్నతా ఉంటే మడక్కి తగిలిందంట.
మా జేజి దాంతో చింతకాయలు దంచేది.
ఎవురు పేల్చినారో, ఎవురి మింద పడిందో
ఆమెకు తెల్దు.
"బరువుంటే చాలు గదమే" అనేది.

నేను కొండమింద గుండు చేస్తాను.
పద్దెనిమిదేండ్లుగా, సగం బ్లేడుతో.
రెండింటికీ ఒకటే మాట ఎందుకు పెట్టినారో
ఆలోచించే తీరిక లేదు నాకు.
కల్యాణకట్టలో రద్దీ రోజున
తలలే గానీ మొగాలు కనపడవు.

తల తడిపి వేళ్ళు దూర్చినప్పుడు
కంటికంటే ముందు వేలికి తెలుస్తుంది:
ఈడొక గట్టు, ఆడొక గుంత.
బ్లేడు ఆ తావులో రవ్వంత ఆగాల.
లేకుంటే పాత గాయం కొత్తగా తెగతాది.

మొన్నొక ముసిలాయన. అరవం మాట్లాడినాడు,
మా పక్క అరవం కాదు, సముద్రం అవతలి యాస.
చెవెనకాల చింతగింజంత గట్టిది.
వేలు పెడితే జరిగింది.
"షెల్లు ముక్కమ్మా, తియ్యొద్దన్నారు" అని నవ్వినాడు.
ఏ ఊరి కొలిమిలో కాగిందో ఆ ఇనుము,
దాని పెట్టెమింద ఏ భాషలో రాసుండిందో,
ఆయన తలలో ముప్పైయేండ్లుగా కాపురముంది.
నా బ్లేడు దాని చుట్టూ ప్రదక్షిణం చేసొచ్చింది.

ఇంకొకామె కువైట్‌లో విమానమెక్కి
ఇంటికి గూడా పోకుండా కొండకొచ్చింది.
నడినెత్తిన ఇస్త్రీపెట్టె మొన అచ్చు.
"జారి పడినాన్లేక్కా" అనింది, నేనడక్కుండానే.

శనివారం మాత్రం నా చెయ్యి వణికింది.
నా ముందర జవ్వాదికొండల పిల్లోడు, పేరు వెళ్ళియప్పన్.
ఎర్రచందనం నరికే కూలికి శేషాచలం ఎక్కినాడు,
జైలు నుంచి దిగినాడు.
నెత్తిన అడ్డంగా లాఠీ గీత, ఏడు కుట్లు.
"ఆ చెట్టు యాడికి పోతుందో తెల్సా?" అంటే
"లారీ దాకా తెల్సు" అన్నాడు.

పక్కనే, మా కళావతక్క ముందర,
ఫారెస్టు గార్డంట ఒకాయన.
రాయి తగిలి నుదుటిపైన సొట్ట.
ఒకరికొకరు తెల్దు.
తెలుసునేమో.
ఇద్దరూ నేలమింద, తలొంచుకోని,
ఒకే చెంబు నీళ్ళు కారతా ఉంటే కండ్లు మూసుకున్నారు.
ఊడ్చే పిల్ల వచ్చి
ఇద్దరి జుట్టూ కలిపి తోసుకోని పోయింది.

ఆ చెక్క ఏ దేశంలోనో ఎవురింట్లోనో కుర్చీ అయ్యింటాది.
ఈ జుట్టు అదే ఊర్లో
ఎవురి తలమిందికో ఎక్కింటాది.
ఆ కుర్చీలో ఆ జుట్టు ఆనుకోని కూచోని
టీవీలో ఏదో యుద్ధం చూస్తా ఉంటాదేమో,
సౌండు తగ్గించి.

ఇద్దరూ బయటికి పోయి
బోడితలకు చందనం పూసుకున్నారు.
పది రూపాయల చందనం, తడి తడిగా.
క్యూలో నిలబడినాక
ఎవురు నరికినోడో, ఎవురు కాపలా కాసినోడో
నేను గుర్తు పట్టలేకపోయినాను.
పద్దెనిమిదేండ్ల నా వేళ్ళకు గూడా
అంత దూరం నుంచి తెలీలేదు.

రాత్రి ఆఖరి బస్సుకు ఇంటికొచ్చినాను.
తలుపు దగ్గిర గుండు.
ఎందుకో చెంబుతో నీళ్ళు పోసి
తలను తడిపినట్టే తడిపి
వేళ్ళతో మెల్లిగా తడిమినాను.
ఒక పక్క కొంచెం చదునుగా ఉంది.
ఎవురికో తగిలిన పక్కో,
జేజి చింతకాయలు దంచిన పక్కో.

గాలి లేచింది.
దాన్ని మళ్ళీ తలుపుకు అడ్డం పెట్టి
పడుకున్నాను.