కిందికి పెరిగిన కమ్మీలు

ఐదో తరగతి. దత్తాంశ నిర్వహణ.
పుస్తకంలో యాపిల్ బొమ్మలు వరసగా ఉన్నాయి,
ఒక బొమ్మంటే పది పండ్లట.
"మీకు ఏ పండంటే ఇష్టం?" అని అడిగితే
సీతాఫలానికి పదకొండు చేతులు లేచాయి,
పరికిపండ్లకు ఆరు,
యాపిల్‌కు ఒక్కటే, నబీరసూల్‌ది.
అదీ కళ్యాణదుర్గం ఆసుపత్రిలో
వాళ్ల జేజికి ఎవరో తెచ్చిన పండులో
ముక్క తిన్నాడు కాబట్టి.

పుస్తకం మూసేశాను.

గణన చిహ్నాలైనా చెబుదామని బోర్డు మీద
నాలుగు నిలువు గీతలు గీశాను.
ఐదోది గీసేలోపే
వెనక వరసలోంచి పెన్నోబులేసు
"అడ్డం కొట్టాల టీచర్" అన్నాడు.
"నీకెవరు చెప్పినారు?"
"మా మామ. బోరుబండిలో పని.
ఇరవై అడుగుల రాడ్డు దిగేకొద్దీ
డోరు మీద సుద్దతో గీత కొడతాడు,
నాలుగ్గీతలకు ఒక అడ్డగీత.
అట్లాటి కట్టలు పదైతే వెయ్యడుగులు."

పదిహేనేళ్లుగా నేను చెబుతున్న పాఠం
లారీ డోరు మీద ముందే రాసుంది.

పిల్లల్ని ఊళ్లోకి వదిలాను.
"బోర్లు ఎన్నో, ఎన్ని అడుగులో అడిగి రాసుకురాండి.
ఊరికే 'శానా లోతు' అంటే ఒప్పుకోను,
అంకె కావాల."
మారెక్క గుమ్మం దగ్గర ఆగింది:
"నీళ్లు పడనివి గూడా రాయాల్నా?"
"రాయాల" అనడానికి
నాకు కొంచెం సేపు పట్టింది.

సాయంత్రానికి అంకెలు వచ్చాయి,
చెమటతో, ఎవరెవరివో తిట్లతో.
రామసుబ్బన్న చేన్లో నూట ఎనభై, తాతల నాటిది.
అంగడి ఎర్రిస్వామిది నాలుగొందల ఇరవై.
తిప్పక్కది ఆర్నూట నలభై.
గుట్టకింద వాళ్లది ఏడొందల అరవై.
తమది మాత్రం పెన్నోబులేసు అంకె వేయలేదు,
పది కట్టలు గీతలు గీశాడు.

తెల్లారి కమ్మీ చిత్రం. గడికి ఇరవై అడుగులు.
పేజీ అడుగున అడ్డగీత గీసి
అక్కణ్ణుంచి పైకి లేపమన్నాను.
అందరూ లేపారు.
వాడు గీతను పేజీ పైన గీసి
కిందికి దించుకుంటూ పోయాడు.
"కమ్మీలు పైకి పోవాల్రా."
"బోరు పైకి పోతాదా టీచర్?"

తరగతంతా నవ్వింది. నేను ఎర్రపెన్ను తీసి,
మూత తీసి,
మళ్లీ పెట్టేశాను.

పేజీకి ఇరవై ఐదు గళ్లే.
చాలక, మధ్యాహ్నం అన్నం మెతుకులతో
కింద ఇంకో పేజీ అతికించాడు.
నీళ్లున్న చోట నీలం వేయమంటే
నాలుగొందల ఇరవై కొసన ఒక్క గడి నింపాడు.
మిగతా నాలుగింటికీ క్రేయాన్ అరగలేదు.

సగటు కూడా చెప్పాల కదా.
కూడితే మూడు వేలు, ఐదుతో భాగిస్తే ఆరొందలు.
"మన ఊరి బోర్ల సగటు లోతు ఆరొందల అడుగులు"
గట్టిగా చదివించాను.
మారెక్క లేచింది.
"ఆరొందల బోరు ఎవురిది టీచర్?"
ఎవరిదీ కాదమ్మా.
"మళ్ల దాంట్లో నీళ్లుండాయా?"

అందరిదీ కలిపి సమంగా పంచితే వచ్చేదే సగటు
అని చెప్పబోయి
పంచడమనే మాట దగ్గర ఆగాను.
ఎర్రిస్వామి బోరు కాడ బిందెల వరస తెలుసు వాళ్లకు,
ఎవరు ముందో, ఎవరు ఎప్పుడూ వెనకో.
చింతగింజలు తెచ్చి ఐదు కుప్పలు పోసి
పెద్దదాంట్లోవి చిన్నదాంట్లోకి జరపమన్నాను.
కుప్పలు సమమయ్యాయి.
"గింజలకైతే అయితాది" అంది మారెక్క.

పోయిన వారం తనిఖీకి వచ్చిన సారు
గోడ మీది పటం చూసి
"తలకిందులుగా అంటించారే" అని
నాతో మాట్లాడుతూనే పీకి తిప్పాడు.
పేర్లు తలకిందులయ్యాయి. మళ్లీ తిప్పాడు.
మెడ వంచి చాలాసేపు చూసి
"ఈ పొడుగుది ఎవరిది?" అన్నాడు.
పెన్నోబులేసు చెయ్యెత్తాడు,
యాపిల్‌కు నబీరసూల్ ఎత్తినట్టు, ఒక్కడే.

రిజిస్టరులో సారు ఏం రాశాడో చూడలేదు.
పదికి వాడికెన్ని వేయాలో
నేనూ ఇంకా తేల్చుకోలేదు.
మారెక్క ఇప్పుడు వాన లెక్క రాస్తోంది,
పాత నూనెడబ్బాలో స్కేలు నిలబెట్టి.
దాని కమ్మీలు పేజీ పైఅంచు నుంచి వేలాడుతున్నాయి.
ఆగస్టుది ఒకటిన్నర గడి.
సెప్టెంబరుకు చోటు
శానా వదిలింది.