పద్నాలుగో మీట

రిపోర్టు చివర ఒకే వాక్యం:
పెద్ద ప్రమాదం అవర్ట్ చేయబడింది.

చేయబడింది.
సంతకం అడగని రసీదులాంటి క్రియ.

లాన్‌వెరిన్ లైబ్రరీలో, హీటరు పక్క కుర్చీలో
ఆ కాగితాన్ని మూడోసారి చదువుతున్నాను.
బయట వేల్స్ వాన,
పలకరాతి కప్పుల మీద పలక రంగు వాన.

పంతొమ్మిది వందల యాభై ఒకటి, నవంబరు,
సాయంత్రం నాలుగూ పది.
కొండ మీది గనిలో గొలుసు తెగింది.
రాళ్లు నింపిన ఏడు వ్యాగన్లు
ఇంజను లేకుండా, బ్రేకు లేకుండా
తమ బరువే తమను తోలుతుంటే దిగాయి.
కింద స్టేషన్లో ప్యాసింజరు బండి,
అరవై ముగ్గురు మనుషులు,
మూత బుట్టలో ఒక బాతు.

సిగ్నల్ గదిలో ఎలినెద్ బెబ్ ఒక్కతే.
ఫోను మోగలేదు, చప్పుడే ముందు వచ్చింది.
పద్నాలుగో మీట
ఏడాదిగా ఎవరూ ముట్టనిది, తుప్పుకు అలవాటు పడింది.
ఒక చేతికి రాలేదు.
రెండు చేతులూ వేసి, చెక్కనేలకు కాలు తన్నిపెట్టి,
ఒళ్లంతా తాడు చేసి లాగింది.
కింద పట్టాలు బెత్తెడు జరిగాయి.
అంతే. బెత్తెడు.
వ్యాగన్లు పక్కదారికి మళ్లి
ఇసుకలో ముక్కులు దూర్చాయి.

అవర్ట్ అంటే మొదట్లో లాటిన్‌లో ఇంతేనట,
పక్కకు తిప్పడం.
నిఘంటువు చూడకుండానే ఆమె నడుముకు తెలిసింది.

ఆ మాటకు ఒక పట్టింపు ఉంది.
ప్రివెంట్ దేన్నయినా ఆపుతుంది,
పెళ్లినీ, నిద్రనీ, మంచి కబురునీ.
అవర్ట్ వచ్చిపడే కీడుకే ఎదురెళ్తుంది.
పండగను అవర్ట్ చేశామని ఎవరూ అనరు.
మనిషినీ అవర్ట్ చేయలేం,
మనిషి మీదికి వచ్చేదాన్నే.
కీడు కాక దానికి దొరికేది ఇంకొకటే: చూపు.
ఆ రాత్రి ప్లాట్‌ఫాం మీద
గని మేనేజరు హార్‌గ్రీవ్
ఆమె ఎదురుపడగానే చూపు అవర్ట్ చేసుకున్నాడు.
గొలుసు మార్చమని వేసవిలో వచ్చిన ఉత్తరం
ఇంకా అతని సొరుగులోనే ఉంది.

తెలుగులోకి తేబోయి కలం ఆపాను.
ఆమె ముప్పు తప్పించింది.
అతను చూపు తప్పించాడు.
మనకూ రెంటికీ ఒకే మాట,
దాని కడుపులో ఒక తప్పు.

అలవాటుగా రాసేశాను: ప్రమాదం తప్పింది.
మందలోంచి మేక తప్పినట్టు, దానంతటదే.
కొట్టేశాను.
తప్పింది. తప్పించింది.
తేడా ఒక్క అక్షరం, చిం.
అందులో పట్టేవి రెండు చేతులు, ఒక కాలు,
ఆ తర్వాత ఎన్నేళ్లయినా
దువ్వెన అందుకోవడానికి పైకి లేవని కుడి భుజం.

జరగనిదానికి ఫొటో ఉండదు.
శిలాఫలకం ఉండదు, పేర్ల జాబితా ఉండదు.
ఆ అరవై ముగ్గురూ తమ తమ జబ్బులతో, తమ తమ మంచాల మీద,
వేరువేరు ఏళ్లలో పోయి ఉంటారు.

ఫైలు అడుగున ఇంకో కాగితం దొరికింది.
అదే రోజు, అదే బండి.
నలభై నిమిషాలు ఆలస్యమైందనీ,
సిగ్నల్ గదిలో మనిషికి చురుకు లేదనీ,
బాతు అరుపుకు తలనొప్పి వచ్చిందనీ
ఒక ప్రయాణికురాలి ఫిర్యాదు.

కింద పూర్తి పేరు, ఇంటి నంబరు, వీధి.
సంతకం గుండ్రంగా, స్పష్టంగా ఉంది.